మూడో దెబ్బ

డాక్టరు కాగితం మీద కడుపు బొమ్మ గీసి, అందులో ఒకచోట పెన్నుతో గుండ్రంగా చుట్టి, "ఇక్కడ" అన్నాడు. పన్నెండు రోజుల్లో ఆపరేషన్ అన్నాడు. బతుకుతానా అని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు, సగం సగం అని. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. నా గురించి ఏమీ తోచలేదు. నేను పోతే కుక్క తిండి తినదు అన్న ఒక్కటే తలలో తిరిగింది.

తినదు అంటే బెంగతో అని కాదు. అలాంటి కథలు చాలామంది చెబుతారు, నేను నమ్మను. ఇది వేరే సంగతి. ఇది నేను చేసిన తప్పు.

నాది రేకు పని. బకెట్లు, గరాటులు, డబ్బాలు, నీటి తొట్లు. ముందు కొట్టు, వెనక ఒక గది, ఆ గదిలో మంచం. రేకుకు రేకు అతికేటప్పుడు ఎడమ చెయ్యి రేకును పట్టుకోవాలి, కుడి చెయ్యి సుత్తిని పట్టుకోవాలి. రివెట్లను పట్టుకోవడానికి మిగిలేవి పెదవులే. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నోట్లో రివెట్లున్నవాడు ఎవరితో మాట్లాడతాడు. మా ఇంట్లో మాటలన్నీ మా ఆవిడవే. ఆవిడ పోయాక ఇంట్లో మాటలు కూడా పోయాయి.

ఆవిడ పోయిన ఏడాదే ఒక కుక్కపిల్ల వచ్చింది. టంకం పెట్టే ముందు రేకుకు పూసే యాసిడ్ కింద ఒలికితే అది నాకింది. రెండు రోజులు నా కళ్లముందే గిలగిల్లాడి చచ్చిపోయింది. ఆ తర్వాత వచ్చింది ఈ కుక్క. దీనికి మొదటి వారమే నేర్పాను, నేను చెప్పందే దేనికీ మూతి పెట్టకూడదని. చెప్పడం నోటితో కాదు, సుత్తితో. నా ముందుండే ఇనుప దిమ్మ మీద ఒక దెబ్బ కొడితే కూర్చో అని. రెండు కొడితే రా అని. రెండు దెబ్బలు గబగబా కొట్టి, కాస్త ఆగి, మూడోది గట్టిగా కొడితే తిను అని.

అది నేర్చుకుంది. పదకొండేళ్లలో ఒక్కసారి తప్పలేదు. గిన్నె ముందు పెట్టి నేను పనిలో పడి మరిచిపోతే, చొంగ కారుస్తూ అలాగే నిలబడేది. కొట్టుకొచ్చిన వాళ్లకు అది చూపించి మురిసిపోయేవాణ్ణి. దానికి పేరు పెట్టలేదు. పేరు పెడితే నోటితో పిలవాలి. మనిషి మాట ఒక్కటి కూడా దానికి తెలియదు. వేరే ఎవరైనా బంగారు పళ్లెంలో పెట్టినా గిన్నె ముందు నిలబడి మాడి చస్తుంది. నాకది ఆ బెంచీ మీద తట్టింది, పదకొండేళ్లకు.

మరునాడు దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్లాను. కోర్టు ఎదురుగా చిన్న షెడ్డులో కూర్చుంటాడు. దాని పైరేకులు నేను వేసినవే.

"వీలునామా రాయాలి" అన్నాను.

"ఆస్తేంటి పెద్దాయనా?"

"కొట్టు, వెనక గది."

"ఎవరికి?"

"కుక్కకి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పొద్దున్నే నీకు నేనే దొరికానా?"

కొట్టు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను. నేను వేళాకోళానికి రాలేదని ఆయనకు కాసేపటికి అర్థమైంది.

"చూడు పెద్దాయనా. కుక్కకి ఆస్తి రాయడం కుదరదు. చట్టం లెక్కలో కుక్కే ఒక ఆస్తి. నీ సుత్తి ఎలాగో అదీ అంతే. సుత్తికి గది రాసిస్తావా?"

"సుత్తికి ఆకలెయ్యదు."

ఆయన ఇంక నవ్వలేదు. "ఒక పని చెయ్యొచ్చు. కుక్కని ఒక మనిషికి రాయాలి. కుక్కని చూసుకుంటేనే గది అని షరతు పెట్టాలి. అయితే ముందు ఆ మనిషి దొరకాలి. పేరు చెప్పు, కుక్క పేరు."

"లేదు."

"పేరు లేకపోతే ఇదే కుక్క అని ఎలా తెలుస్తుంది? నలుపూ తెలుపూ కుక్కలు వీధికి పదున్నాయి. అసలుది పోతే ఇంకోదాన్ని చూపించి ఇదే అంటారు."

"ఎడమ చెవి కొసన రేకు కోసిన చీలిక ఉంది."

అది రాసుకున్నాడు. తిండి సంగతి కూడా రాయమన్నాను. రెండు దెబ్బలు, ఆగి, ఇంకోటి.

"ఎంతసేపు ఆగాలి?"

"ఊపిరి పీల్చుకున్నంత."

"ఎవరి ఊపిరి? నాకు ఆయాసం" అన్నాడు. బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించాను. ఆయన కొట్టాడు. రాలేదు. మూడుసార్లు కొట్టాడు, మూడూ తప్పే. పెన్ను మూసేశాడు. "ఇది కాగితం మీదికి ఎక్కేది కాదు పెద్దాయనా. మనిషిని వెతుక్కో ముందు."

మా అమ్మాయికి ఫోన్ చేశాను. వాళ్లది మూడో అంతస్తులో చిన్న వాటా. పాపకు ఉబ్బసం. "నాన్నా, నాకు నువ్వేమీ రాయొద్దు, నువ్వుంటే చాలు. కానీ కుక్కని మాత్రం తీసుకోలేను. దాని బొచ్చు పడితే పాపకి ఊపిరాడదు, నీకు తెలుసుగా" అంది. తర్వాత ఏడ్చింది. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే ఉన్నాను.

ఇక మిగిలింది మా చెల్లెలి కొడుకు. ఫోన్లు బాగుచేసే కొట్టు వాడిది. మాటకారి. విషయం విన్న గంటలో నా ముందున్నాడు.

"రాసెయ్ మావయ్యా. కన్నబిడ్డలా చూసుకుంటా. కుక్కంటే నాకు ప్రాణం."

"ముందు నాలుగు రోజులు తీసుకెళ్లి చూడు" అన్నాను.

దెబ్బలు నేర్పడానికి కూర్చున్నాను. కంచం మీద గరిటెతో కొట్టాడు. మాటకూ మాటకూ మధ్యే సందు ఇవ్వనివాడు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఏమిస్తాడు. మూడూ కలిపి వాయించేశాడు. కుక్క వాడివంక చూసి తల తిప్పుకుంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి వాడే, "నువ్వు కొట్టు మావయ్యా, ఫోన్లో పట్టేస్తా" అన్నాడు. కొట్టాను. ఫోన్ వినిపిస్తే కుక్క తినేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను పక్కన ఉన్నాను కాబట్టే తిన్నదని అప్పుడు తోచలేదు.

నాలుగో రోజు తెచ్చి వదిలాడు. పక్కటెముకలు లెక్కపెట్టేట్టున్నాయి. ముందుకాళ్ల గోళ్లు అరిగి నెత్తురు కట్టి ఉన్నాయి.

"మావయ్యా, నీ కుక్కకి మతి లేదు. మాంసం పెట్టా, ముట్టదు. గిన్నె ముందు కూర్చుని గిన్నెనే చూస్తుంది. ఫోన్లో నీ దెబ్బలు వినిపిస్తే తలుపు దగ్గరికి పోయి గీరుతుంది, నువ్వు బయటున్నావనుకుని. మా ఆవిడ భయపడి పుట్టింటికి పోతానంటోంది."

నేను వెళ్లి దిమ్మ ముందు కూర్చున్నాను. రెండు కొట్టి, ఆగి, ఒకటి కొట్టాను. కుక్క ఆత్రంగా తిని, కక్కి, మళ్లీ తిన్నది.

వాడు అది చూసి గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోకు. పశువుల డాక్టరు దగ్గర సూది ఉంటుందట. బాధ తెలీదు. నువ్వుండగానే అది కాస్తా అయిపోతే నీకూ మనశ్శాంతి. గది సంగతి తర్వాత చూసుకుందాం."

వాణ్ణి తిట్టాలనుకున్నాను. కానీ వాడు అన్నదాంట్లో తప్పు కనబడలేదు.

అప్పటికి అయిదు రోజులు పోయాయి. నేర్పినది మరిపిద్దామనుకున్నాను. సుత్తి మంచం కింద పెట్టేశాను. పొద్దున ఏడింటికి పాలలో రొట్టె నానేసి పెట్టి, "తిను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కుక్క చెవులు నిక్కించి నావైపు చూసింది, ఈయనెవరు అన్నట్టు. "తిను తల్లీ" అన్నాను. గిన్నెను మూతి దగ్గరికి తోశాను. వేలితో పాలు తీసి దాని నాలుకకు రాయబోయాను. పళ్లు బిగించుకుంది. సాయంత్రం దాకా చూశాను. అది నిలబడి నిలబడి కాళ్లు వణికి కూర్చుంది. చూడలేక సుత్తి తీశాను.

రెండో రోజూ అంతే. రెండో రోజు సాయంత్రం దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్లాను.

"గట్టి కుక్క. ఇంకో మూడేళ్లు ఢోకా లేదు. సూది ఎందుకు?" అన్నాడాయన.

ఎలా చెప్పాలి. నేను సుత్తి కొట్టకపోతే ఇది అన్నానికి మూతి పెట్టదు, అలా చేసింది నేనే అని చెప్పాలి. చెప్పలేదు. "నేను ఆసుపత్రికి పోతున్నాను" అన్నాను. ఆయన ఏమనుకున్నాడో, ఎల్లుండి పొద్దున్నే తీసుకురమ్మన్నాడు. తిరిగొచ్చేటప్పుడు అది ఎప్పటిలాగే నాకు ఒక అడుగు ముందు నడిచింది. మలుపు వచ్చినచోటల్లా ఆగి, నేను వచ్చేదాకా చూసి, మళ్లీ నడిచింది.

నేను అడగని మనిషి ఒక్కరే ఉన్నారు. అడగాలన్న ఆలోచనే రాలేదు.

మా కొట్టు పక్కన ఇస్త్రీ ఆవిడ. రెండు కొట్లకూ మధ్య నేను వేసిన పలచటి రేకే గోడ. ఆవిడ అటు తుమ్మితే ఇటు వినబడుతుంది. ఆవిడ నోటికి భయపడి వీధిలో బట్టలిచ్చేవాళ్లు కూడా దూరం నుంచే ఇచ్చిపోతారు. ఈ కుక్క వచ్చిన కొత్తలో ఒకరోజు అటు దూరి, ఆసుపత్రి డాక్టర్లవి ఇస్త్రీ చేసిపెట్టిన తెల్లకోట్ల మీద పడుకుంది. ఒంటినిండా మసి. ఆవిడ వచ్చి నా కొట్టు ముందు నిలబడి అరగంట దులిపింది. నేను తల ఎత్తలేదు. నోట్లో రివెట్లున్నాయి. తీసి, తప్పైపోయిందమ్మా అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. "పొగరు చూడు, మనిషికి మనిషి కనబడడు" అని వెళ్లిపోయింది. ఆ రోజునుంచి మా మధ్య మాటల్లేవు. కొంచెం గట్టిగా కొడితే రేకుకు అవతలనుంచి మాత్రం వినబడేది, "ఓ రేకుల పెద్దమనిషీ, చెవులు పోతున్నాయి" అని.

మూడో రోజు. మర్నాడు పొద్దున్నే సూది. అయినా ఆశ చావక మళ్లీ గిన్నె పెట్టి, "తిను" అన్నాను. నిలబడింది. తొమ్మిదైంది, పదైంది. మధ్యాహ్నం ఇక లాభం లేదని సుత్తికోసం మంచం కిందికి వంగాను. కడుపులో కత్తితో మెలితిప్పినట్టయింది. పక్కకు పడ్డాను. సుత్తి చేతికందలేదు. చెయ్యి లేవలేదు. గిన్నెలో రొట్టె ఉబ్బి పాలంతా పీల్చేసింది. కుక్క గిన్నెను చూసింది, నన్ను చూసింది. నేను లేని రోజు ఎలా ఉంటుందో నాకు ముందే చూపిస్తున్నట్టుంది. కుయ్యి అనైనా అనలేదది.

అప్పుడు రేకుకు అవతల ఇస్త్రీ పెట్టె, దాన్ని దించే ఇనుప పలక మీద పడింది.

ఠక్ ఠక్. కాస్త ఆగి, ఠక్.

కుక్క తల గోడవైపు తిరిగింది. నావైపు తిరిగింది. మళ్లీ గోడవైపు. తర్వాత తల వంచి తిన్నది.

గిన్నె నాకుతున్న చప్పుడు వింటూ నేల మీద పడి ఉన్నాను. ఇంతలో ఆవిడ మాటలు తోసుకుంటూ లోపలికొచ్చాయి, ఆవిడకన్నా ముందే.

"ఇంకా ఎన్నాళ్లు మాడుస్తారయ్యా ఆ మూగజీవాన్ని? మూడు రోజులుగా చూస్తున్నా, ఏడింటికి మోగాల్సింది మోగట్లేదు. నాకు పని చేతికి రావట్లేదు. చెయ్యి ఊరుకోక నేనే..." అని గుమ్మంలో ఆగింది. నన్ను చూసింది. "అయ్యో, ఇదేంటి ఇలా పడున్నారు."

లేపి మంచానికి ఆనించింది. నీళ్లు తాగించింది. ఊపిరి సర్దుకున్నాక, అన్ని రోజులూ రాని మాటలు ఒక్కసారి వచ్చాయి. డాక్టరు గీసిన బొమ్మ, యాసిడ్ నాకిన పిల్ల, మేనల్లుడి ఫోను, రేపటి సూది. వరస లేకుండా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అదే మొదటిసారి అనుకుంటా.

"నీకు ఆ దెబ్బలెలా వచ్చాయమ్మా?" అన్నాను.

"ఎలా వచ్చాయేమిటి? పదకొండేళ్లుగా పూటపూటా నా చెవిలో కొడుతుంటే రాక చస్తాయా? మా అక్క ఫోన్ నంబరు గుర్తుండదు నాకు, మీ సుత్తి మాత్రం నిద్రలో కూడా మోగుతుంది."

"చెల్లెమ్మా" అన్నాను. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. "దీన్ని తీసుకో. నీ కాళ్లు పట్టుకుంటాను. గది నీకే రాసిస్తాను."

"ఆ కాళ్లు పట్టుకోవడం ఆ కోట్ల రోజున పట్టుకోవాల్సింది" అంది. "కాళ్లు కూడా అక్కర్లేదు. ఒక్క మాట అంటే సరిపోయేది."

"నోట్లో రివెట్లున్నాయి."

"పదకొండేళ్లూనా?"



ఆవిడ కుక్కను చూసింది. "గది నాకొద్దు. రేపు మీ అమ్మాయొచ్చి, కుక్క పేరు చెప్పి ఇల్లు కాజేశావని జుట్టు పట్టుకుంటే నేనేం చెప్పుకోను? మీ మేనల్లుడైతే వీధంతా చాటిస్తాడు. కుక్కనైతే ఉంచుకుంటా. తెల్లబట్టల మీదికి రానివ్వకూడదు, అంతే."

కానీ నాకు భయం. ఆవిడ కొట్టు అద్దెది. రేపు యజమాని కుక్క ఉండకూడదంటే? ఇనుప పలక లేని చోటికి ఆవిడ పోతే? మర్నాడు పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. లేఖరినే కొట్టుకు పిలిపించాను. ఆయన ఆలోచించి, కుక్క బతికి ఉన్నన్నాళ్లూ కొట్టూ గదీ ఇస్త్రీ ఆవిడ వాడుకోవచ్చనీ, కుక్క పోయాక అవి మా అమ్మాయివనీ రాశాడు. దిమ్మ, సుత్తి, కుక్క మాత్రం ఆవిడకే. అమ్మాయికి ఫోన్లో చదివి వినిపించాడు. సరేనంది.

మేనల్లుడు సాక్షి సంతకం పెడుతూ, "బాగుంది మావయ్యా. ఇంక ఈవిడ ఈ కుక్కని చావనివ్వదు. చస్తే ఇంకో నలుపూ తెలుపూ కుక్కని తెచ్చి నిలబెడుతుంది" అన్నాడు.

"చెవి చీలిక నీకు పెట్టి నిన్ను నిలబెడతాలే" అంది ఆవిడ. లేఖరి పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. కడుపు నొప్పి చేసింది.

సంతకం అయింది. ఇంకా ఒక పని మిగిలింది, అది కాగితం మీద అయ్యేది కాదు. నేను గదిలో ఉండగా కుక్క ఆవిడ దెబ్బలకు తినడం వేరు, నేను లేకుండా తినడం వేరు. మేనల్లుడి దగ్గర చూశాను కదా. అందుకని ఆపరేషన్‌కు మిగిలిన మూడు రోజులూ నేను సుత్తి ముట్టలేదు. పొద్దున్నే ఏడింటికి గిన్నె పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అవతలనుంచి ఆవిడ కొట్టేది.

మొదటి రోజు అది నా చేతులవైపు చూసింది. ఖాళీ చేతులు. ఆవిడ ఆ మూడు దెబ్బలూ రెండోసారి కొట్టాక తిన్నది. రెండో రోజు గిన్నె అటు కొట్టులోనే పెట్టాం. మధ్యలో తిండి ఆపి వచ్చి నన్ను చూసి, మళ్లీ వెళ్లి తిన్నది. మూడో రోజు నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆవిడ కొట్టింది. అది తల కూడా తిప్పకుండా నేరుగా గిన్నె దగ్గరికి పోయింది.

నేను కోరుకున్నది అదే. దానికోసం ఇన్నాళ్లూ కాళ్లావేళ్లా పడ్డాను. కొట్టులోకి వచ్చి, దిమ్మ ముందు కూర్చున్నాను. నేను పోయి అప్పటికే కొన్నాళ్లయినట్టు అనిపించింది.

ఇవాళ పొద్దున నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లే బండి వచ్చింది. మేనల్లుడు సంచీ లోపల పెట్టాడు. ఇస్త్రీ ఆవిడ బయటికి రాలేదు. అదే మంచిదనుకున్నాను. బండి కదిలాక వెనకనుంచి గోళ్ల చప్పుడు వినబడింది. కుక్క పరిగెత్తుతోంది. బండి తలుపుకు ఇనుప రేకు. నా చెయ్యి దాని మీదే ఉంది. రెండుసార్లు తడితే చాలు, వచ్చేస్తుంది. చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను.

"మావయ్యా, ఆపమంటావా?" అన్నాడు మేనల్లుడు.

తల అడ్డంగా ఊపాను.

అప్పుడు వీధి మొదట్లోనుంచి, ఠక్ ఠక్.

కుక్క నడిరోడ్డు మీద ఆగింది. బండివైపు చూసింది. మళ్లీ, ఠక్ ఠక్. ఈసారి ఇనుప పలక మోత కాదది. నా దిమ్మ మోత. ఆవిడ నా కొట్టులోకి వెళ్లి నా సుత్తితోనే కొడుతోంది.

కుక్క వెనక్కి తిరిగి నడిచింది. మలుపు దగ్గర ఆగుతుందేమో, ఆగి నాకోసం చూస్తుందేమో అని చూశాను. ఆగలేదు.